తరగతి గది నుంచి తోరణం దాకా: ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు స్కేలు నమూనా నేర్పే పద్ధతి

సైన్స్ ప్రదర్శన దగ్గర పడిందంటే మన వరంగల్, హన్మకొండ బడుల్లో వేయిస్తంభాల గుడి, రామప్ప గుడి, కాకతీయ కళాతోరణం థర్మాకోల్‌తో లేచి నిలబడతాయి. అవి చూడడానికి ముచ్చటగానే ఉంటాయి. కానీ ఆ గుడి ముందు నిలబెట్టిన మనిషి బొమ్మ స్తంభంలో సగం ఎత్తు ఎందుకు ఉందని అడిగితే, చేసిన పిల్లల దగ్గర జవాబు ఉండదు. దుకాణంలో ఆ బొమ్మే దొరికింది కాబట్టి పెట్టారు, అంతే. అలా చేసింది బొమ్మ అవుతుంది కానీ స్కేలు నమూనా కాదు. అసలు వస్తువులోని ప్రతి కొలతనూ ఒకే సంఖ్యతో భాగించి చేసినదే స్కేలు నమూనా. గోడకు ఒక లెక్క, తలుపుకు ఒక లెక్క, మనిషికి ఒక లెక్క అన్న వెసులుబాటు అందులో ఉండదు. ఈ ఒక్క క్రమశిక్షణను పిల్లల చేతులకు అలవాటు చేయడానికి నేను అనుసరించే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. వారానికి ఒకసారి రెండు పీరియడ్లు కలిపి కేటాయించగలిగితే మొత్తం పని ఎనిమిది వారాల్లో పూర్తవుతుంది.

ఏ కట్టడంతో మొదలుపెట్టాలి

రామప్పతో మొదలుపెట్టకండి. 1213 నాటి ఆ ఆలయం 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది కాబట్టి పిల్లలకు దానిమీద మోజు ఉండడం సహజమే. అయితే దాని అందమంతా శిల్పంలో ఉంది. మీటరు ఎత్తున్న శిల్పం 1:50 నిష్పత్తిలో, అంటే ప్రతి కొలతనూ యాభైతో భాగించి చేస్తే, 2 సెంటీమీటర్లే అవుతుంది, అంత చిన్న దాంట్లో ముక్కూ ముఖమూ చెక్కడం పన్నెండేళ్ల పిల్లల చేతికి సాధ్యం కాదు. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడిది మరో చిక్కు. మూడు గర్భగుడులు, నక్షత్రం అంచుల్లా మలుపులు తిరిగే గోడలు ఉన్న ఆ ప్లానును కాగితం మీద గీయడానికే నెల పడుతుంది.

మొదటి నమూనా పిల్లలు కూర్చునే తరగతి గదే కావాలి. అది రోజూ కళ్లెదుటే ఉంటుంది, టేపు ప్రతి మూలకూ అందుతుంది, కొలత తప్పిందన్న అనుమానం వస్తే లేచి మళ్లీ కొలుచుకోవచ్చు. నేర్చుకునేవారికి ఈ మళ్లీ కొలుచుకునే అవకాశమే ముఖ్యం. రామప్ప గుడి ఉన్న పాలంపేట వెళ్లి వచ్చాక ఒక కొలత మరిచామని తెలిస్తే తిరిగి వెళ్లలేం కదా.

మొదటి వారం: నిష్పత్తిని చేతికి తెలిసేలా చెప్పడం

పిల్లలకు నిష్పత్తి అనే మాట గణితంలో పరిచయమే, కానీ అది లెక్కగా తెలుసు, పరిమాణంగా తెలియదు. అందుకని మొదటి రోజు కత్తెర, జిగురు ఏవీ బయటికి తీయను. ప్రతి ఒక్కరూ తమ ఎత్తును కొలిచి, దాన్ని యాభైతో భాగించి, ఆ పొడవున ఒక అట్టముక్క కత్తిరించి, దానిమీద తమ పేరు రాసుకోవాలని చెబుతాను. 150 సెంటీమీటర్ల అమ్మాయి 3 సెంటీమీటర్ల అట్టముక్కగా మారుతుంది. ఆ ముక్కను పెన్సిల్ పెట్టెలో ఎనిమిది వారాలూ దాచుకోవాలి. తర్వాత తలుపు కోసినా, బెంచీ చేసినా, మెట్టు కట్టినా ఆ ‘నేను’ను పక్కన నిలబెట్టి చూసుకుంటే తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది. నా అనుభవంలో ఇంతకు మించిన తనిఖీ పనిముట్టు లేదు.

ఆ తర్వాత స్కేలు ఎంచుకోవడం గురించి మాట్లాడాలి. ఒక గదికి 1:50 సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే అందులో 1 మీటరు 2 సెంటీమీటర్లు అవుతుంది, లెక్క నోటితోనే తేలుతుంది. బడి మొత్తాన్ని ఆటస్థలంతో సహా చేయాలంటే 1:200 తీసుకోవాలి, అప్పుడు మీటరుకు అర సెంటీమీటరు వస్తుంది. ఒక్క కిటికీనో, ఒక్క బెంచీనో వివరంగా చేయాలంటే 1:10 బాగుంటుంది. 1:35, 1:72, 1:87 వంటి నిష్పత్తులు ప్లాస్టిక్ కిట్ల తయారీలోనూ బొమ్మ రైళ్ల లోకంలోనూ స్థిరపడినవి. వాటిని కుతూహలం కోసం చెప్పవచ్చు కానీ ఈ వయసులో వాటితో లెక్కలు చేయించడం అనవసరమైన శ్రమ.

కాజీపేట వైపు పిల్లలు ఉంటే రైలు ప్రస్తావన రాక తప్పదు కాబట్టి ఒక విషయం చెబుతాను. మన బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్ల పైచిలుకు రావాలి. కానీ 1:87 బొమ్మ రైలు పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లే ఉంటుంది, ఎందుకంటే ఆ కొలత విదేశాల్లో వాడే 1435 మిల్లీమీటర్ల గేజ్ నుంచి వచ్చింది. ఈ లెక్కను పిల్లలతోనే చేయిస్తే, కొన్న వస్తువును కూడా కొలిచి చూడాలన్న అలవాటు వారికి మొదటి వారంలోనే పడుతుంది.

రెండో వారం: కొలవడం

తరగతిని నలుగురేసి జట్లుగా విడదీయాలి. ఐదుగురైతే ఒకరు తప్పకుండా చేతులు కట్టుకుని చూస్తూ ఉంటారు. టేపు సున్నా వైపు పట్టుకునేవారు, అంకె చదివేవారు, రాసేవారు, రాసింది తిరిగి పైకి చదివి సరిచూసేవారు అని పనులు పంచి, ప్రతి వారం వాటిని మార్చాలి. మార్చకపోతే ఏమవుతుందో నేను చూశాను. కట్టర్ మగపిల్లల చేతిలోనూ రంగుల డబ్బా ఆడపిల్లల చేతిలోనూ స్థిరపడిపోతాయి, ఎవరూ అలా చెప్పకపోయినా సరే.

కొలతలన్నీ సెంటీమీటర్లలోనే ఉండాలని మొదటే గట్టిగా చెప్పాలి. మన మేస్త్రీలు అడుగులు, అంగుళాల్లో మాట్లాడతారు, టేపు మీద రెండు వరుసల అంకెలూ ఉంటాయి, పిల్లలు ఏ వరుస కనిపిస్తే దాన్ని చదివేస్తారు. ఒక ఏడాది నా తరగతిలో ఒక జట్టు గది పొడవును అడుగుల్లోనూ వెడల్పును మీటర్లలోనూ రాసుకుంది. గోడలు కోసే రోజు దాకా ఆ సంగతి నేనూ గమనించలేదు, ఆ జట్టు పని అంతా మొదటికి వచ్చింది. అప్పటి నుంచి టేపు మీద అంగుళాల వరుసకు తెల్ల ప్లాస్టర్ అంటించి ఇస్తున్నాను.

ప్రతి కొలతనూ రెండుసార్లు, ఇద్దరు వేర్వేరుగా తీయాలి. రెండింటి మధ్య 2 సెంటీమీటర్ల కంటే ఎక్కువ తేడా వస్తే మూడోసారి కొలవాలి. ఏమేమి కొలవాలో జాబితా ముందుగా నేను ఇవ్వను. గదిని ఊరికే చూసి, ఫోన్‌లో ఉన్న చిన్నమ్మకో మేనమామకో ఈ గదిని మళ్లీ కట్టమని చెప్పాలంటే ఏయే అంకెలు చెప్పాలో రాయమంటాను. పిల్లలు పొడవు, వెడల్పు, ఎత్తు రాస్తారు. తలుపు మూల నుంచి ఎంత దూరంలో ఉంది, కిటికీ నేల నుంచి ఎంత ఎత్తులో మొదలవుతుంది, గోడ మందం ఎంత అన్నవి మరిచిపోతారు. గోడ మందం తలుపు చట్రం దగ్గర తేలిగ్గా దొరుకుతుంది, సాధారణంగా బయటి గోడ 9 అంగుళాలు, అంటే దాదాపు 23 సెంటీమీటర్లు ఉంటుంది.

చేతికి అందని ఎత్తులకు రెండు ఉపాయాలు ఉన్నాయి. మొదటిది నీడ. ఎండలో మీటరు కర్రను నిటారుగా నిలిపి దాని నీడ కొలవాలి, అదే సమయంలో భవనం నీడ కూడా కొలవాలి. కర్ర నీడ 80 సెంటీమీటర్లు, భవనం నీడ 4.8 మీటర్లు అయితే భవనం ఎత్తు 6 మీటర్లు. రెండు నీడలనూ ఒకే నిమిషంలో కొలవాలని, నేల చదునుగా ఉండాలని గుర్తుచేయాలి. రెండోది కోణమానిని. దాని సరళ అంచుకు ఒక స్ట్రా అంటించి, మధ్య బిందువు నుంచి దారంతో చిన్న రాయి వేలాడదీస్తే ఎత్తులు కొలిచే పరికరం తయారవుతుంది. స్ట్రాలోంచి కట్టడం పైఅంచును చూస్తూ వెనక్కి నడవాలి, దారం 45 డిగ్రీల మీద నిలిచిన చోట ఆగాలి. అక్కడి నుంచి గోడకు ఉన్న దూరానికి చూసేవారి కంటి ఎత్తును కలిపితే కట్టడం ఎత్తు వస్తుంది. కంటి ఎత్తు కలపడం మరిచిపోవడం ప్రతి ఏటా జరిగేదే.

మూడో వారం: గీయడం

మిల్లీమీటరు గ్రాఫ్ కాగితం మీద 1:50 అంటే ఒక్కో చిన్న గడి 5 సెంటీమీటర్లు. ముందు ప్లాను, అంటే పైకప్పు తీసేసి పైనుంచి చూసినట్టు గీసే బొమ్మ. తర్వాత నాలుగు గోడల ముఖచిత్రాలు, అంటే ఒక్కో గోడను ఎదురుగా నిలబడి చూసినట్టు గీసే బొమ్మలు, విడివిడిగా. ఇక్కడ పిల్లలు చేసే తప్పు ఒక్కటే: చిత్రలేఖనంలో అలవాటైనట్టు గోడను ఏటవాలుగా, దూరమయ్యేకొద్దీ చిన్నదిగా గీస్తారు. గోడకు ముక్కు ఆనించినంత సూటిగా చూసి గీయాలని చెప్పి, అవసరమైతే గోడ ముందు నిలబెట్టి చూపించాలి.

దేన్ని వదిలేయాలో నిర్ణయించడం కూడా ఈ వారం పనే. నేను పెట్టే నియమం ఇది: నమూనాలో 1 మిల్లీమీటరు కంటే చిన్నదిగా వచ్చేది ఏదైనా వదిలేయాలి లేదా గీతగా మాత్రమే చూపాలి. 1:50లో అసలు 5 సెంటీమీటర్ల కంటే సన్నని వస్తువులన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. కిటికీ ఊచలు గీతలవుతాయి, స్విచ్చుల బోర్డు మందం పోయి గీసిన చతురస్రం అవుతుంది, ఫ్యాను రెక్కల మందం మాయమవుతుంది. తమ పేరు చెక్కిన బెంచీ గీతలు నమూనాలో రావని తెలిసి కొందరు నిరుత్సాహపడతారు, అది మంచి పాఠమే.

నాలుగో వారం: సరుకులు, కట్టర్

మందం చూసి సరుకు కొనాలి. 23 సెంటీమీటర్ల గోడను 50తో భాగిస్తే 4.6 మిల్లీమీటర్లు వస్తుంది కాబట్టి 5 మిల్లీమీటర్ల ఫోమ్ బోర్డు (రెండు కాగితాల మధ్య నురుగు పొర ఉన్న పలక) బయటి గోడలకు చక్కగా సరిపోతుంది. పైకప్పు స్లాబుకు, పలుచని గోడలకు 2 మిల్లీమీటర్ల మౌంట్ బోర్డు (ఫోటోలు అంటించే గట్టి అట్ట) వాడవచ్చు. ఇవి దొరకని చోట ఎలక్ట్రానిక్ వస్తువుల పెట్టెల అట్టను రెండు పొరలుగా అంటించి, రాత్రంతా పుస్తకాల బరువు కింద ఉంచితే గట్టి పలక తయారవుతుంది. నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి చెక్క ఎక్కడైనా దొరికితే చిన్న స్తంభాలకు అంత అనువైనది మరొకటి లేదు, బ్లేడుకు కూడా తేలిగ్గా లొంగేంత మెత్తనిది. అది దొరకకపోతే ఐస్‌క్రీమ్ పుల్లలు, అగ్గిపుల్లలు చాలు.

థర్మాకోల్ గురించి ఒక హెచ్చరిక. అది చవక, తేలిక, కానీ కోసిన అంచు గింజలు గింజలుగా రాలుతుంది కాబట్టి మిల్లీమీటర్ల కొలత దానిమీద నిలవదు. పైగా స్ప్రే రంగులు, ఘాటు వాసన వచ్చే జిగుర్లు దాన్ని కరిగించేస్తాయి. నేను నేర్పడం మొదలుపెట్టిన ఏడాది ప్రదర్శనకు ముందురోజు సాయంత్రం ఒక స్ప్రే డబ్బా తెచ్చి కొట్టించాను, పది నిమిషాల్లో గోడలకు గుంటలు పడ్డాయి. దాన్ని నేల ఎత్తుపల్లాలకు మాత్రమే ఉంచి, ఫెవికాల్ వంటి తెల్ల జిగురుతోనూ నీటి రంగులతోనూ పని కానివ్వాలి.

కట్టర్ విషయంలో మొహమాటం పనికిరాదు. ఆరో తరగతి వారికి కత్తెర మాత్రమే ఇస్తాను, ఫోమ్ బోర్డును నేనే కోసి పెడతాను. ఏడు, ఎనిమిది వారికి ఒక్కో బల్ల దగ్గర ఒకే కట్టర్ ఉంటుంది, నేను ఆ బల్ల దగ్గర ఉన్నప్పుడే దాని బ్లేడు బయటికి వస్తుంది. కింద పాత ప్లైవుడ్ ముక్క ఉండాలి. అంచుకు స్టీలు స్కేలే పెట్టాలి, ఎందుకంటే ప్లాస్టిక్ స్కేలును బ్లేడు కొరికి పైకెక్కి వేలి మీదికి వస్తుంది. స్కేలు పట్టుకున్న చేతి వేళ్లు అంచుకు వెనకాల ఉండాలి, బ్లేడు కదిలే దారిలో చెయ్యి ఉండకూడదు. ఒక్క కోతలో తెగగొట్టాలని బలం పెట్టకుండా, మొదట గీతలా, తర్వాత సగం దాకా, మూడోసారి పూర్తిగా కోయాలి. మొద్దుబారిన బ్లేడు పదునైన దానికంటే ప్రమాదకరం, ఎందుకంటే దానికి బలం ఎక్కువ పెట్టాల్సి వస్తుంది. విరిచిన బ్లేడు ముక్కలను మూతకు చీలిక చేసిన డబ్బాలో వేసి, డబ్బాను నా బీరువాలో పెట్టుకుంటాను.

ఐదు, ఆరు వారాలు: గోడలు నిలబెట్టడం

అసలు ముక్కలు కోయడానికి ముందు చార్టు కాగితంతో మొత్తం గదిని ఒకసారి మడిచి నిలబెట్టి చూడాలి. కాగితం నకలులో తప్పు దొరికితే పోయేది ఒక చార్టు మాత్రమే.

ఇక్కడే పిల్లలందరూ, పెద్దలు కూడా, తడబడే చోటు ఒకటి వస్తుంది. గది లోపలి కొలత 6 మీటర్లు, 5 మీటర్లు అనుకుందాం. 1:50లో అది 12, 10 సెంటీమీటర్లు. పిల్లలు రెండు ముక్కలు 12, రెండు ముక్కలు 10 సెంటీమీటర్లుగా కోసి అంటిస్తారు, అంటించాక కొలిస్తే గది లోపల 11 సెంటీమీటర్లే ఉంటుంది. మిగిలిన సెంటీమీటరు ఎక్కడికి పోయిందని అడిగి, కాసేపు వారినే వెతకనివ్వాలి. పొట్టి గోడలు రెండూ పొడవు గోడల మధ్యలో ఇరుక్కుని, ఒక్కొక్కటి అర సెంటీమీటరు మందంతో స్థలం తినేశాయని ఎవరో ఒకరు కనిపెడతారు. పొడవు గోడలను 13 సెంటీమీటర్లుగా కోయాలి, పొట్టి గోడలను 10 సెంటీమీటర్లుగానే ఉంచాలి. అప్పుడు లోపల 12, 10 వస్తాయి, బయట 13, 11 అవుతాయి. ఈ లెక్కను బోర్డు మీద ముందే వేసి చూపిస్తే వెంటనే మరిచిపోతారు, ఒక చార్టు పాడు చేసుకుని తెలుసుకుంటే మరువరు.

తలుపులు, కిటికీలు గోడ పడుకుని ఉండగానే కోయాలి. 2.1 మీటర్ల ఎత్తు, 1.2 మీటర్ల వెడల్పు ఉన్న తలుపు 4.2, 2.4 సెంటీమీటర్లు అవుతుంది. మూలలు చీలకుండా ఉండాలంటే కోత ప్రతిసారీ మూల నుంచి మధ్యకు రావాలి. అంటించేటప్పుడు మూలల్లో అగ్గిపెట్టెనో పాఠ్యపుస్తకం మూలనో ఆనించి లంబకోణం సరిచూడాలి. జిగురు పలుచగా రాసి, ఆరేదాకా రబ్బరు బ్యాండ్లతోనో గుండుసూదులతోనో పట్టి ఉంచాలి. వానాకాలంలో తెల్ల జిగురు ఆరడానికి ఎండాకాలం కంటే చాలా ఎక్కువ సమయం పడుతుంది, అట్ట కూడా తేమకు వంకర తిరుగుతుంది. పలకకు ఒక వైపే రంగు వేసినా ఇలాగే వంగుతుంది కాబట్టి రెండు వైపులా వేయించాలి. పైకప్పును మాత్రం అంటించవద్దు. తీసి పెట్టేలా ఉంటేనే లోపలి పని నలుగురికీ కనిపిస్తుంది.

రంగుల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. మెరుపు లేని రంగు, అసలుకంటే ఒక పిసరు వెలిసినట్టు ఉండాలి, అంతే. చెట్లకు ఎండిన పూల కాడలు, నేలకు జల్లెడ పట్టిన ఇసుక చాలు.

ఏడో వారం: వైశాల్యం, ఘనపరిమాణం

నమూనా నిలబడ్డాక దానితో చేయించగల లెక్కలు ఎన్నో ఉన్నాయి. బడి మిద్దె మీది వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు 1:50 నమూనాలో ఎన్ని నీళ్లు పడుతుందని అడగండి. చాలామంది 1000ని 50తో భాగించి 20 లీటర్లు అంటారు, వేలెడంత ట్యాంకులో 20 లీటర్లు ఎలా పడతాయని అడిగితే నవ్వుకుంటారు. పొడవు 50 వంతులు, వెడల్పు 50 వంతులు, ఎత్తు 50 వంతులు తగ్గాయి కాబట్టి 1,25,000తో భాగించాలి, వచ్చేది 8 మిల్లీలీటర్లు. మందుల దుకాణం సిరంజితో 8 మిల్లీలీటర్ల నీళ్లు తీసి చూపిస్తే ఘనం అన్న మాటకు అర్థం చేతికి అందుతుంది.

ఇదే వారం జట్లు నమూనాలు మార్చుకోవాలి. ఒక జట్టు నమూనాను మరో జట్టు కొలిచి, యాభైతో గుణించి, టేపుతో అసలు గదిని సరిచూడాలి. నమూనాలో 1 మిల్లీమీటరు తేడా అసలులో 5 సెంటీమీటర్లు కాబట్టి ఆ మేరకు నేను తప్పుగా లెక్కించను, 2 మిల్లీమీటర్లు దాటితే కారణం రాయమంటాను. మార్కులు ఇవ్వవలసి వస్తే సగం ఈ తనిఖీకి, సగం కొలతల నోటుపుస్తకానికి ఇస్తాను. అందానికి మార్కులు పెడితే తండ్రులు చేసి పంపిన నమూనాలు గెలుస్తాయి.

బొమ్మ కార్లు, ఆటోలు తెచ్చి పక్కన పెడతామని పిల్లలు అడుగుతారు. వద్దనకుండా, బడి ముందు ఆగే ఆటో పొడవును కొలిచి యాభైతో భాగించి రమ్మనండి. తెచ్చిన బొమ్మ ఆ కొలతకు సరిపోతే ఉంటుంది, లేకపోతే సంచిలోకి పోతుంది.

ఎనిమిదో వారం: తోరణం

తరగతి గది పూర్తి చేసిన పిల్లలు ఇప్పుడు కోటకు రావచ్చు. ఖిలా వరంగల్‌లో శిథిలమైన స్వయంభూ శివాలయం ఆవరణకు నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు ఉన్నాయి, రాష్ట్ర చిహ్నంలో మనం చూసేది ఇదే తోరణం. నాలుగు జట్లు నాలుగు తోరణాలు చేసి ఒకే పలక మీద నిలబెట్టాలి. తన తోరణం ఎంత బాగున్నా పక్క జట్టు దానితో ఎత్తు కలవకపోతే తప్పు చూడగానే తెలిసిపోతుంది, అందుకే జట్లుగా నేర్చిన తరగతికి ఇంతకంటే తగిన పని నాకు కనబడలేదు.

ఇవి రక్షిత కట్టడాలు కాబట్టి రాయిని తాకి టేపు పెట్టకూడదు, పీఠం ఎక్కకూడదు, వెళ్లగానే అక్కడి సిబ్బందికి చెప్పి పని మొదలుపెట్టాలి. ఎత్తును కోణమానినితో తీయాలి. మిగిలిన కొలతలకు ఒక జట్టు సభ్యుడు మీటరు కర్రను స్తంభం వరుసలోనే, దానికి ఆనకుండా, నిటారుగా పట్టుకోవాలి, మరొకరు వీలైనంత దూరం వెళ్లి ఎదురుగా ఫోటో తీయాలి. దగ్గర నుంచి తీస్తే పైభాగం కుంచించుకుపోయి లెక్క తప్పుతుంది. ఆ ఫోటోను అచ్చు వేయించి, అందులో కర్ర పొడవు 1 సెంటీమీటరు వస్తే స్తంభం ఎన్ని సెంటీమీటర్లో అన్ని మీటర్లు. కోణమానిని లెక్క, ఫోటో లెక్క రెండూ దగ్గరగా వస్తేనే అంకెను ప్లానులో రాయాలి. పై అడ్డదూలం మీది హంసలను, వేలాడే మొగ్గలను 1 మిల్లీమీటరు నియమం ప్రకారం వడకట్టి, నిలిచినవాటిని మన బొమ్మల కళాకారులు వాడే చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన ముద్దతో దిద్దవచ్చు. ముద్ద ఆరేటప్పుడు కొంత కుంచించుకుపోతుంది కాబట్టి గీసిన కొలత కంటే కాస్త పెద్దగా దిద్ది, ఆరాక ఉప్పుకాగితంతో సరిచేయాలి.

పలక మూలన నాలుగు విషయాలు తప్పక రాయించాలి: కట్టడం పేరు, నిష్పత్తి, కొలతలు తీసిన తేదీ, ఉత్తర దిక్కు బాణం. వాటి పక్కన పది మీటర్లను చూపే 20 సెంటీమీటర్ల స్కేలు గీత ఉండాలి, దాని పక్కనే మొదటి వారం కత్తిరించిన ఆ అట్ట మనుషులను వరుసగా నిలబెట్టాలి. మండల ప్రదర్శనకు ఆటోలో తీసుకెళ్లే పక్షంలో పలకను అట్టపెట్టె అడుగుకు నాలుగు వైపులా టేపు వేసి బిగించి, పైన మూత బదులు పలుచని గుడ్డ కప్పి, పెట్టెను సీటు మీద కాకుండా కాళ్ల దగ్గర కింద ఉంచుకోవాలి.